ఏడో గడి

పొద్దున ఏడింటికల్లా మేస్త్రి రబ్బరు బూట్లు తొడుక్కుని, సంచీలో కటింగ్ ప్లేయరు, టెస్టరు, నాలుగు ఖాళీ ఫారాలు వేసుకుని సైకిలెక్కుతాడు. కొత్తగా కరెంటు పెట్టించుకునేవాళ్ళ ఇంటికి వెళ్ళగానే అతను చేసే మొదటి పని మంచినీళ్ళడగడం, రెండో పని ఫారం తీయడం. లైట్లెన్ని, ఫ్యాన్లెన్ని, ఫ్రిజ్జుందా, గీజరుందా, మోటారుందా, ఏసీ పెట్టించుకుంటారా, ఇలా ఆరు గళ్ళు. ఏడో గడి దుఃఖం.

"ఎంత రాయమంటారు?" అంటాడు, చెవి మీంచి పెన్ను తీస్తూ.

అక్కడే జనం అబద్ధాలాడతారు. "మాకేం లోటండీ, హాయిగా ఉన్నాం. నిల్ రాసుకోండి" అంటుంది ఇంటావిడ, కళ్ళు ఇంతింత వాచిపోయి. అదే ఏసీ గడి దగ్గరికొచ్చేసరికి, లేని ఏసీ కూడా రాయిస్తారు. పరువు మరి! మనిషి ముందు ఏదైనా దాచుకోవచ్చు, గోడలో వైరు ముందు దాచుకోగలమా? మోటారులోంచి కారిన కరెంటైనా, మనిషిలోంచి కారిన దుఃఖమైనా అరికాళ్ళ గుండా నేలకి దిగి, ఎర్తు వైరు పట్టుకుని పెరట్లో గోతిలోకి పోవాల్సిందే. వైరు సన్నగా ఉందా, వెనక్కి తంతుంది. కుళాయి తిప్పబోయినవాణ్ణి కుళాయే పట్టుకుంటుంది.

అందుకని మేస్త్రి వాళ్ళు చెప్పింది బుద్ధిగా రాసుకుని, ఇల్లంతా ఓసారి తిరిగి, ఎవరి మంచం ఎక్కడుందో, ఎన్ని కంచాలు వాడకుండా బోర్లించి ఉన్నాయో చూసి, తనకి తోచినదానికి మూడింతలు వేసుకునేవాడు. "సర్వీసు వైరు లావు చూసి ఎర్తు వైరు లావు తేల్చాలండీ. స్తంభం నుంచి వచ్చేది లావెక్కితే, గోతిలోకి పోయేదీ లావెక్కాలి. వచ్చే దారి వెడల్పు చేసి పోయే దారి ఇరుగ్గా ఉంచితే ఎలా?" అని ప్రతి ఇంట్లోనూ పాఠం చెప్పేవాడు. వైరు నంబరు తగ్గే కొద్దీ లావు పెరుగుతుందని, పద్నాలుగో నంబరు అగ్గిపుల్లంత, ఎనిమిదో నంబరు దానికి రెట్టింపని చేతిలో ముక్కలు పెట్టి మరీ చూపించేవాడు. పనయ్యాక ఎర్తు వైరు మీద చెయ్యి ఆనించి ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టేవాడు. పది దాకా చెయ్యి తీయకుండా ఉండగలిగితే వైరు నిలబడ్డట్టే.

ఇరవై ఆరేళ్ళలో అతను కట్టిన ఎర్తు ఏ ఇంట్లోనూ కాలిపోలేదు. ఊరందరికీ శకునం చెప్పిన బల్లి తాను పోయి కుడితిలో పడ్డట్టు, తప్పు జరిగింది మాత్రం సొంత చెల్లెలి ఇంట్లోనే.

ఆ ఇల్లు కట్టినప్పుడు చెల్లెలికి కొత్తగా పెళ్ళయింది. మొగుడు బస్సు డ్రైవరు, నెమ్మదస్తుడు. మేస్త్రి ఏడో గడి దగ్గర పెన్నాపితే చెల్లెలు పకపకా నవ్వింది.

"నిల్ రాయి అన్నయ్యా. నీ మీద అలకుందిలే గానీ, దానికి వైరెందుకు?"

నిల్ రాసి పద్నాలుగో నంబరు వేశాడు. అప్పటికది సరిపోయే లెక్కే. కాదనడానికి లేదు.

తర్వాత వాళ్ళకో కొడుకు పుట్టాడు. వాడికి ఆరేళ్ళప్పుడు ఊపిరితిత్తులు పాడయ్యాయి. ఆస్పత్రివాళ్ళు ఇంట్లోనే ఊపిరి మిషను పెట్టుకోమన్నారు, గదిలో ఏసీ ఉండాలన్నారు. పాత సర్వీసు వైరు అంత లోడు మొయ్యలేదు. మేస్త్రి మధ్యాహ్నం వచ్చి, చీకటి పడేలోగా స్తంభం నుంచి మీటరు దాకా వేలెడు లావు వైరు కొత్తది లాగేశాడు. చెల్లెలు చిన్నప్పుడు అన్న వెనకే సంచీ మోసుకుంటూ తిరిగిన పిల్ల. ఆమెకీ ఈ పని తెలుసు.

"మరి ఎర్తు?" అని అడిగింది.

"ఎర్తుదేముందిలే, ముందు వాడి మిషను తిరగనీ. తర్వాత చూద్దాం" అన్నాడు మేస్త్రి.

మిషను పంతొమ్మిది రోజులు తిరిగింది. ఇరవయ్యో రోజు దాంతో అవసరం లేకపోయింది. ఇక ఎర్తు సంగతి ఎవరికి గుర్తుంటుంది? మేస్త్రి మర్నాటి నుంచీ రోజుకి మూడు ఇళ్ళ పని ఒప్పుకున్నాడు. పొద్దున తొడిగిన బూట్లు నిద్రపోయేముందే విప్పేవాడు. అప్పుడైనా కాళ్ళు నేలకి తగలకుండా మంచం మీద కూర్చునే విప్పేవాడు.

ఏడు నెలలు గడిచాక, ఒక మంగళవారం చెల్లెలు ఫోన్ చేసింది. "అన్నయ్యా, కుళాయి కొడుతోంది. తీరికున్నప్పుడు ఓసారి రా" అంది.

మేస్త్రికి పద్నాలుగో నంబరు గుర్తొచ్చింది. సైకిలు ఎలా తొక్కాడో అతనికే తెలీదు.

వెళ్ళేసరికి చెల్లెలు వంటింట్లో చెక్కపీట మీద నిలబడి గిన్నెలు కడుగుతోంది. కాళ్ళకి రబ్బరు చెప్పులు. వంటింటి నుంచి గదికి, గది నుంచి గుమ్మానికి చెక్కపలకలు వరసగా పరిచి ఉన్నాయి. మనిషి సగమైపోయింది. వేళ్ళ చివర్లు నల్లగా కమిలి ఉన్నాయి, జుట్టు నెత్తిన నిలవకుండా లేచి ఉంది.

"ఎప్పట్నుంచి ఇలా?"

"ఆ రోజు నుంచే."

"నేల మీద కాలు పెట్టనే లేదా?"

"లేదు. మంచం కూడా చెక్కదేగా."

"ఏడవలేదా నువ్వు?" అన్నాడు మేస్త్రి.

"ఎలా ఏడుస్తానన్నయ్యా? పద్నాలుగో నంబరు. నాకు తెలీదా?"

మేస్త్రి గోడకి చేరగిలబడ్డాడు. "మరి నాకు చెప్పొచ్చుగా! ఏడు నెలలా!"

"నువ్వే గుర్తు చేసుకుని వస్తావనుకున్నా" అంది చెల్లెలు, గిన్నె తుడుస్తూ. అందులో కోపం లేదు. ఉంటే బాగుండేది, కనీసం తిట్లు పడేవాడు.

పెరట్లోకెళ్ళి చూశాడు. గోతి చుట్టూ గడ్డి బారెడు మేర మాడిపోయింది. ఎర్తు వైరు మీద చెయ్యి ఆనించి ఒకటి అన్నాడు, రెండనేలోపు చెయ్యి లాక్కున్నాడు. ఆమె కూడబెట్టుకున్నదాంట్లోంచి గిన్నెల మీదుగా, కుళాయి మీదుగా కారిన కాస్తకే ఇంత వేడి. మొత్తం ఒక్కసారి దిగితే!

డ్రైవరు గుమ్మం బయటే కూర్చుని ఉన్నాడు. ఇంటి దగ్గరున్నంతసేపూ అక్కడే కూర్చుంటాడట. పిల్లాడు పోయిన రోజు భార్యని పట్టుకోబోతే ఇద్దరూ చెరో గోడకీ విసిరేసినట్టు పడ్డారు. మళ్ళీ ముట్టుకోలేదు. బస్సులో ఉన్నంతసేపు బాగానే ఉంటుంది, టైర్లు రబ్బరువి కదా. అందుకని రెండు షిఫ్టులు చేస్తున్నాడు.

డాక్టరమ్మని పిలిపించారు. ఆమె స్టెతస్కోపు ఆనించి, ఉలిక్కిపడి తీసేసి, చేతులు దులుపుకుంది.

"ఇంత నిలవ పెట్టుకుంటే గుండె ఆగిపోతుంది. నాలుగు రోజులు, మహా అయితే అయిదు. వెంటనే నేల మీదికి దించండి."

"దించితే వైరు కాలి తెగుతుందండీ. తెగాక మొత్తం వెనక్కి తిరిగి, దీని గుండెలోంచే పోతుంది" అన్నాడు మేస్త్రి.

"అయితే వైరు మార్చండి. అది నా పని కాదుగా" అందామె. నిజమే, ఆమె పని కాదు.

బుధవారం పొద్దున్నే మేస్త్రి కరెంటాఫీసుకెళ్ళాడు. ఇంజినీరమ్మ బల్ల మీద అద్దం కింద పట్టిక ఉంటుంది. ఎడమవైపు సర్వీసు వైర్ల లావులు, పైన ఏడో గడిలో రాసే రకాలు. పెద్దవాళ్ళు పోవడం, భార్యో భర్తో పోవడం, ఉద్యోగం ఊడటం, తోబుట్టువులతో మాటల్లేకపోవడం, అన్నిటికీ నంబర్లున్నాయి. పిల్లలు పోవడం కింద మాత్రం పై నుంచి చివరి దాకా ఒకటే నిలువు గీత.

"ఇదేంటి మేడం, ఇక్కడ గీత పెట్టారు?"

"అంత లావు వైరు ఎవరూ తయారు చెయ్యరు మేస్త్రీ."

"మరి అలాంటి ఇళ్ళలో ఎలా?"

ఇంజినీరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

మేస్త్రి అక్కడే నేల మీద చతికిలబడ్డాడు. "నా చేతులారా చేశాను మేడం. సర్వీసు మార్చి ఎర్తు వదిలేశాను. ఊళ్ళో అందరికీ నీతులు చెప్పి, నా చెల్లెలి దగ్గరికొచ్చేసరికి తర్వాత చూద్దామన్నాను. ఆదివారం దాకా కూడా ఉండదంటున్నారు. నాకున్నది అదొక్కతే మేడం."

"లేవండి ముందు! చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? మీరు తల బాదుకుంటే వైరు లావెక్కుతుందా?" అని కసిరింది ఇంజినీరమ్మ. కసిరి, పట్టిక వంక కాసేపు చూసింది. "ఒక్క వైరునే పట్టుకుని వేలాడతారేం? ఒకటి మొయ్యలేనిది రెండు మోస్తాయి. ఎనిమిదో నంబరు జోడుగా వేసి, మీ చెల్లెలి గోతిని ఇంకో ఇంటి గోతికి రాగి బద్దతో కలపండి. మీ పెరట్లోనే రెండోది తవ్వి లాభం లేదు, ఆ నేల నిండిపోయుంటుంది. పక్కవాళ్ళ వైరు కూడా లావుగా ఉండాలి, వాళ్ళు ఇష్టపడి సంతకం పెట్టాలి. ఇంకో మాట. మీవాళ్ళ ఫారంలో ఏడో గడి నిల్ అని ఉంది. ఇంటాయన అది దిద్దితే తప్ప నేను రాగి బద్ద ఇవ్వలేను."

మేస్త్రి అటునుంచటే బస్సు డిపోకి వెళ్ళాడు. డ్రైవరు ఖాళీ బస్సులో స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. మేస్త్రి ఫారం చేతికిస్తే, చూసి మళ్ళీ ఇచ్చేశాడు.

"మా ఇంట్లో ఏమీ లేదు బావా. ఉన్నదే ఉండనీ."

"ఏమీ లేకపోవడమేంటి బావా? మనిషి అక్కడ పీట మీద నిలబడి చచ్చిపోతుంటే!"

"రాస్తే నిజమైపోతుంది" అన్నాడు డ్రైవరు. అద్దంలోంచి వెనక ఖాళీ సీట్లు చూస్తున్నాడు. "ఇన్నాళ్ళూ ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు నేను. ఆస్పత్రిలో కూడా నువ్వే పెట్టావు. నేను రాయనంతసేపూ వాడు బడికెళ్ళాడనుకుంటున్నాను. సాయంత్రం బస్సులో ఎక్కుతాడేమోనని ప్రతి స్టాపులో ఒక నిమిషం ఎక్కువ ఆపుతున్నాను. జనం తిడుతున్నారు కూడా."

మేస్త్రి పక్క సీట్లో కూలబడ్డాడు. "వాడు ఎక్కడు బావా. ఇక నువ్వు బస్సు దిగి వెళ్ళడానికి ఇంట్లో అదొక్కతే మిగిలింది. అది కూడా పోతే నువ్వింక బస్సు ఎవరి కోసం ఆపుతావు?"

డ్రైవరు ఫారం స్టీరింగు మీద పెట్టి, నిల్ అన్నది కొట్టేసి, పక్కన కొడుకు పేరు రాశాడు. అక్షరాలు వంకరగా పోయాయి. సంతకం పెట్టాక పెన్ను వెనక్కివ్వడం మరిచిపోయి జేబులో పెట్టుకున్నాడు.

ఇక పక్కింటి గొయ్యి. గురువారమంతా మేస్త్రి ఆ వీధిలో గుమ్మం గుమ్మం ఎక్కాడు. అందరికీ వైరు కట్టింది తనే, అందరూ తెలిసినవాళ్ళే. మొదటింటాయన "అయ్యో, ఎంత మాట, తప్పకుండా" అని లోపలికెళ్ళి మళ్ళీ బయటికి రాలేదు. రెండో ఇంట్లో కూతురికి పరీక్షలు. మూడో ఇంట్లో నేల కొత్తగా వేయించారు, పగుళ్ళొస్తాయని భయం. నాలుగో ఇంటావిడ మాత్రం నిజం చెప్పింది. "మీ వాళ్ళది మా గోతిలోకొస్తే మా పిల్లల కాళ్ళ కిందికొస్తుంది బాబూ. నాకు ధైర్యం లేదు, ఏమనుకోకు." మేస్త్రి ఏమీ అనుకోలేదు. వాళ్ళ వైరు ఎలాగూ పన్నెండో నంబరే.

మిగిలింది చెల్లెలి గోడనానుకున్న ఇల్లు. అందులో ఉండేది కుట్టుపని చేసే ఒంటరి ముసలావిడ. వీధంతా ఆమెని కత్తెర అంటుంది, అది పనిముట్టు వల్ల వచ్చిన పేరు కాదు, నోటి వల్ల వచ్చింది. పోయిన ఏడాది పిల్లాడి బంతి ఆమె కుట్టిన బట్టల మీద పడితే, బంతి లాక్కుని వీధి వీధంతా వినేలా తిట్టింది. అప్పట్నుంచీ రెండిళ్ళకీ మాటల్లేవు. మేస్త్రి ఆమె గుమ్మం ముందు మూడుసార్లు అటూ ఇటూ నడిచాడు.

"ఏమయ్యా, నా గుమ్మం కొలుస్తున్నావా? లోపలికి రా" అంది లోపల్నుంచి కత్తెర.

మేస్త్రి నిలబడే విషయమంతా చెప్పాడు. ఆమె మిషను ఆపకుండానే వింది.

"నా వైరు ఎంతది?"

"ఎనిమిదో నంబరక్కా. జోడు వరస" అన్నాడు మేస్త్రి. అన్నాక గానీ అతనికి గుర్తు రాలేదు. ఇరవై ఏళ్ళ కిందట ఈ ఇంటికి ఫారం నింపింది తనే. రెండు లైట్లు, ఒక ఫ్యాను, ఏడో గడిలో మాత్రం ఊళ్ళో ఎవరూ రాయించనంత రాయించింది. పెద్ద వైరు కోసం గొప్పలు పోతోందని టీ బడ్డీ దగ్గర పదిమందికి చెప్పి నవ్వాడు కూడా.

"అప్పుడు ఎందుకని అడగలేదు నువ్వు" అంది కత్తెర. "ఇప్పుడూ అడక్కు. ఆ వైరు రోజంతా కాలేది. ఈ మధ్య సగం రోజు ఖాళీగానే ఉంటోంది. ఎక్కడ సంతకం?"

"అక్కా, కలిపాక వాళ్ళది మీ దగ్గరికొస్తుంది. మీది కూడా వాళ్ళ దగ్గరికి పోవచ్చు."

"పోనీ. నాదైనా వాళ్ళదైనా పాతబడ్డాక ఒకటే రుచి." సంతకం పెట్టి, మిషను కింద డ్రాయరు లాగింది. అందులో గుడ్డముక్కల మధ్య ఎర్ర రబ్బరు బంతి ఉంది. "నాలుగు రోజులు ఏడిపించి ఇచ్చేద్దామనుకున్నా. ఈలోపు వాడు మంచమెక్కాడు. తర్వాత ఏ మొహంతో ఇస్తాను? నాకూ కొంచెం ఉందిలే దింపుకోవాల్సింది. తొందరగా తవ్వు ఫో."

శుక్రవారం పొద్దుటికి చెల్లెలు మాట్లాడటం మానేసింది. పెదవులు నీలంగా ఉన్నాయి. పీట మీద తల వేలాడేసి నిలబడి ఉంది, అంతే. మేస్త్రి గోడలోంచి పాత వైరు లాగుతుంటే నల్లగా మాడి ముక్కముక్కలుగా ఊడొచ్చింది. మీటరు నుంచి పెరటి దాకా ఎనిమిదో నంబరు జోడు వరస దింపాడు. డ్రైవరు సెలవు పెట్టి, ప్రహరీ కింద నుంచి కాలవ తవ్వాడు. అటువైపు నుంచి కత్తెర తవ్వుతూ, మధ్యమధ్య ఇద్దరి పనికీ వంకలు పెడుతూనే ఉంది. రాగి బద్ద పరిచి, రెండు గోతుల్లో ఒక పొర బొగ్గు, ఒక పొర ఉప్పు వేసి నీళ్ళతో నింపేసరికి మధ్యాహ్నం రెండయింది. మేస్త్రి గోడ మీద బొగ్గుముక్కతో చివరి లెక్క వేశాడు. తల్లిది ఇంత, తండ్రిది ఇంత, పక్కింటామె పాతది ఇంత. రెండు వైర్లూ మొయ్యగలిగేదానికి ఒక్క పిసరు తక్కువ. సరిపోతుంది, అంతకు మించి ఒక్క చుక్క పట్టదు.

"విప్పు తల్లీ" అన్నాడు.

చెల్లెలు ఒక చెప్పు విప్పింది. ఇంకోటి విప్పడానికి డ్రైవరు సాయం రాబోయి, భయపడి ఆగిపోయాడు. ఆమే విప్పుకుని, పీట దిగి, రెండు పాదాలూ నేల మీద పెట్టింది.

ముందు ఏమీ కాలేదు. తర్వాత నేల గుంయిమని మోగింది. స్విచ్చి వేయని బల్బులన్నీ వెలిగాయి. చెల్లెలు నోరు తెరిచి, "నాన్నా" అని కొడుకుని పిలిచింది. ఏడు నెలల కిందట పిలవాల్సిన పిలుపు అది. పిలిచి, మళ్ళీ పిలిచి, కూలబడి నేలని రెండు చేతులతో కొడుతూ ఏడ్చింది. మేస్త్రి పెరట్లోకి పరుగెత్తి రాగి బద్ద మీద చెయ్యి ఆనించి లెక్కపెడుతున్నాడు. నాలుగు, అయిదు. అరచెయ్యి చురుక్కుమంటోంది. గోతిలో నీళ్ళు కుతకుతమంటున్నాయి. ఏడు. పక్కింట్లో కుట్టుమిషను తనంతట తనే తిరుగుతోంది, దాని చప్పుడు మీంచి కత్తెర ఏడుపు, ఎవర్నో పేరు పెట్టి తిడుతూ ఏడుపు. ఎనిమిది, తొమ్మిది. చెయ్యి కాలుతున్నా తియ్యలేదు.

పది. బద్ద తెగలేదు.

డ్రైవరు గుమ్మం దాటి లోపలికొచ్చాడు. భార్య భుజం మీద చెయ్యి వేయబోయి వెనక్కి తీసుకున్నాడు, మళ్ళీ వేశాడు. జివ్వుమనలేదు. అలాగే ఆమె పక్కన కూర్చుండిపోయి, ఆమె తల తన మెడ దగ్గర పెట్టుకున్నాడు.

చాలాసేపటికి బల్బులు ఆరాయి. చెల్లెలు కళ్ళు తుడుచుకుని, పెరటి గుమ్మంలో నిలబడ్డ అన్నని చూసింది. ముఖం చూసింది, కాళ్ళ వంక చూసింది.

"అన్నయ్యా, బూట్లు విప్పు."

"నాకెందుకే? నేను లెక్కలో లేను."

"మేనమామవి కాదూ? లెక్కలో వేసుకోలేదా?"

వేసుకోలేదు. గోడ మీద బొగ్గు అంకెలు అతని ఎదురుగానే ఉన్నాయి. వాటిలో ఎక్కడా మేనమామ లేడు, ఆ మేనమామ చేసిన తప్పు లేదు. "ఇంకొక్క చుక్క కూడా పట్టదే. బద్ద తెగితే మళ్ళీ నీకే ప్రమాదం" అన్నాడు.

ప్రహరీ అవతల్నుంచి కత్తెర గొంతు ఖంగుమంది. "ఏమయ్యా మేస్త్రీ, ఆపేశావేం? ఇంకా ఉంటే పంపించు! నాది సగం ఇందాకే పోయింది, ఇక్కడ బోలెడు ఖాళీ ఉంది!"

చెల్లెలు లేచింది. ఒట్టికాళ్ళతో అతన్ని దాటుకుని పెరట్లోకి వెళ్ళి, రాగి బద్ద మీద తన కమిలిన చెయ్యి ఆనించి కూర్చుంది.

"విప్పు. నేను లెక్కపెడతాను."

మేస్త్రి గుమ్మంలో కూర్చుని బూట్ల తాళ్ళు విప్పాడు. తడికి పాలిపోయిన పాదాలు రెండూ నేలకి ఆనించాడు.

"ఒకటి" అంది చెల్లెలు. "రెండు. మూడు." పది దాటింది, ఇరవై దాటింది. అన్న ఏడుస్తున్నంతసేపూ ఆమె చెయ్యి తియ్యలేదు, లెక్క ఆపలేదు.